చీకటిలో అడుగు ఆగే చోటు

1991 జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం మన నాటకశాల దుస్తుల విభాగంలో కుట్టుపనికి చేరిన యువతి, ఒకనాటికి ఈ వేదిక మొత్తం తన సైగతో నడుస్తుందని కలలోనైనా అనుకొని ఉండరు. రంగస్థల నిర్వాహకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన అక్కయ్యగారి ప్రస్థానం ఆ కుట్టుమిషను ముందే మొదలైంది.

ఊడిన బొత్తాం కుట్టడానికి తెర పక్కకు వెళ్లి, నాటకం చూస్తూ తిరిగి రావడం మరచిపోవడం ఆమెకు త్వరలోనే అలవాటైంది. అప్పటి నిర్వాహకులు, మనమందరం పెద్దాయన అని పిలుచుకొనేవారు, అది గమనించి, "సూది అక్కడ పెట్టేసి ఇటు రామ్మా. నీ కుట్టు కనబడితే అందం. మా పని కనబడితే తప్పు" అని తమ సహాయకురాలిగా తీసుకొన్నారు.

ఆ కొలువులో తొలిరోజే కొత్త నాటకం తొలి ప్రదర్శన. అందరికంటే ముందు వచ్చిన ఆమెకు వేదిక నిండా అతికించిన తెల్లని టేపు ముక్కలు కంటికి నలుసులా తోచాయి. ఒక్కొక్కటీ గీకి తీసి, నేల అద్దంలా తుడిచిపెట్టారు. దీపాలు ఆరాక మెరిసి, నటులకు ఆగవలసిన చోటు చూపే గుర్తులవి.

పెద్దాయన వస్తూనే నిలబడిపోయారు. "ఎవరు తుడిచారిది?"

"నేనేనండి. చెత్తగా ఉంటేనూ..."

"రెండో అంకంలో బామ్మగారు చీకట్లో ఆ చెత్తను చూసుకొనే నడుస్తారమ్మా. అంచు దాటితే వేదిక ముందున్న వాద్యకారుల గుంటలో పడతారు. ఇవాళ్టికి ఆట ఆపేయాల్సిందే."

ఆమె టేపు చుట్ట అందుకొని, "వెలుతురుండగానే అందర్నీ ఒకసారి నడవమనండి. ఎవరెక్కడ ఆగితే అక్కడ అతికిస్తాను" అన్నారు.

అందరూ నడిచారు. బామ్మ వేషం వేసే పెద్దావిడ మాత్రం అంచుకు చాలా ఇవతలే ఆగిపోయారు. "పాత గుర్తు ఇంకా ముందుకుండేది. రిహార్సల్లో రోజూ గుండె దడే" అన్నారు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?" అన్నారు పెద్దాయన.

"నువ్వడిగితేగా నాయనా."

ఆ సాయంత్రం దీపాలు ఆరినప్పుడు అక్కయ్యగారు తెర చాటున చీకట్లోకే చూస్తూ కూర్చున్నారు. వెలిగేసరికి బామ్మగారు కొత్త గుర్తు మీద నిశ్చింతగా నిలబడి ఉన్నారు. ఆట ముగిశాక పెద్దాయన, "రేపు వేళకు రా. చీపురు మాత్రం ఇంట్లో పెట్టి రా" అన్నారు. ఉద్యోగం నిలిచింది, టేపక్కయ్య అనే పేరూ నిలిచింది.

అటుపై నటులు వాడే వస్తువుల బల్ల మీద కత్తినీ కళ్లజోడునూ వాటి వాటి గడుల్లో ఉంచడం, చప్పుడు లేకుండా నడవడం, దీపాలవారికీ తెరవారికీ తగిన క్షణాన సైగ ఇవ్వడం ఆమె శ్రద్ధతో అభ్యసించారు. పెద్దాయన అనంతరం 2003లో నిర్వాహక బాధ్యతలు స్వీకరించి, నటులు నడిచి చూపి, "ఇక్కడ భయం లేదు" అన్న తరువాతే గుర్తు పెట్టాలన్న నియమం తెచ్చారు. ప్రముఖులకైనా కొత్తవారికైనా అదే నియమం. వేళకు రానివారిని ఆమె మందలించేవారు కాదు. గడియారం వంక చూసేవారు, అంతే. ఈ క్రమశిక్షణకు ఇల్లూ మినహాయింపు కాదని వారి శ్రీవారి ఫిర్యాదు: "ఉప్పు డబ్బా పక్క అరలో పెట్టానంటే మా ఇంట్లో తెర పడిపోయినట్టే."

ఆమె హయాంలో ఈ వేదిక మీద చీకటిలో అడుగు తప్పి పడినవారు ఒక్కరూ లేరు. చప్పట్లు వినిపించని పనికి ఇంతకంటే బిరుదు అక్కరలేదు.

ఇన్నేళ్లూ ప్రతి నాటకాన్నీ పక్కనుంచే చూసిన అక్కయ్యగారు ఇకపై శ్రీవారి సరసన, ఎదురుగా కూర్చొని, ఎవరికీ సైగ చేయవలసిన పని లేకుండా, మొదటి నుంచి చివరిదాకా తనివితీరా చూడాలనీ, నిలబడి అలసిన ఆ మోకాళ్లకు విశ్రాంతి, మనసుకు నెమ్మది కలగాలనీ, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు ఆమె జీవించాలనీ సహోద్యోగులమందరం మనసారా కోరుకొంటున్నాము.