ఎర్ర కోటు

ఉత్తర ఫిన్లాండ్‌లో ఔలు ఊరు. బయట జనవరి మంచు, లోపల పసిపిల్లల సామాన్ల దుకాణం. అమ్మే పిల్ల హిల్కా, కొనడానికి వచ్చిన ముసలాయన టౌనో.

"తాతగారూ, సంచిలో ఏంటవి? పిండా!"

"రెండు కిలోల రొట్టెల రై పిండి, అర కిలో కాఫీ. మా మనవరాలి బరువు సరిగ్గా అంతే. కారులో పిల్లల్ని కూర్చోబెట్టే సీట్లో పెట్టి చూద్దామని."

"భలేవారే! పిండికి భుజాలుంటాయా, పట్టీలు బిగించడానికి? మా దగ్గర బొమ్మ ఉందండీ. పాప ఎప్పుడు పుట్టింది?"

"నాలుగు రోజులైంది. మూడింటికి ఆసుపత్రి నుంచి తీసుకెళ్లాలి. అల్లుడు ఓడ మీదున్నాడు. మా అమ్మాయి కైసు నన్నే రమ్మంది."

"రెండున్నర కిలోలంటే ఈ సీటు తీసుకోండి. అడుగున ఈ మెత్త వేస్తే తల వాలిపోదు. పాప మొహం బండి వెనక్కి తిరిగే ఉండాలి, సరేనా? పట్టీ బిగించడం మీకు నేర్పాలా, బామ్మగారికి వచ్చా?"

"మా ఆవిడ ఐలీకా? ముప్పై ఏళ్లు దాన్ని ఏ పిల్ల పట్టీ ముట్టుకోనివ్వలేదు నేను."

"అయ్యో, ఎందుకండీ?"

"ముందు ఆ బొమ్మకి ఇది తొడుగమ్మా."

"ఎర్ర కోటు! ఎంత పాతదో. కానీ ఇంత దళసరి కోటుతో సీట్లో కూర్చోబెట్టకూడదండీ."

"మొన్ననే రేడియోలో విన్నా. అందుకే తెచ్చా. తొడుగు."

"తొడిగా. ఇదిగో, పట్టీలు కూడా బిగించా."

"ఇంకా."

"ఇంక నా వల్ల కాదు తాతగారూ, వేలు కూడా దూరట్లేదు."

"సరే. ఇప్పుడు కోటు తీసేసి, పట్టీ సర్దకుండా మళ్లీ పెట్టు."

"అదిగో, చూశారా? బెత్తెడు ఖాళీ! ఇలా కుదిపితే చాలు, బొమ్మ బయటికి..."

"ఆపు! ఆపమ్మా."

"ఏమైందండీ? కూర్చోండి. నీళ్లు తెమ్మంటారా?"

"వద్దు. బిగించినవాళ్లు ఇంకాస్త గట్టిగా లాగి ఉంటే?"

"ఎంత లాగినా ఇంతేనండీ. పైకి బిగిసినట్టే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కోటు లోపలి దూది అణిగిపోతుంది. బిగించినవాళ్ల తప్పేం లేదు."

"మళ్లీ చెప్పు."

"బిగించినవాళ్ల తప్పేం లేదు. కోటుది."

"కోటు వేసింది నేను."

"ఎవరికండీ?"

"ఓన్నికి. మా పెద్దాడు. కైసు కంటే ముందు పుట్టినవాడు, ఐదు నెలలవాడు. కారులో వెచ్చగానే ఉంది, కోటెందుకయ్యా అంది ఐలీ. పిల్లాణ్ణి చలికి చంపుతావా అని అరిచి నేనే తొడిగా. పట్టీ ఐలీ పెట్టింది. కెమీ ఊరికెళ్లే దారిలో మంచు మీద బండి జారింది. కోటు సీట్లోనే ఉంది, వాడు లేడు."

"అయ్యో తాతగారూ..."

"సరిగ్గా బిగించలేదు, నువ్వే చంపావని ఐలీని అన్నాను. గట్టిగానే బిగించానయ్యా, గట్టిగానే బిగించానయ్యా అని ఏడ్చేది. కొన్నాళ్లకి అదీ మానేసింది. నిజంగానే తన తప్పనుకుంది, పిచ్చిది."

"ఇప్పటికైనా మించిపోయిందేముంది? ఇంటికెళ్లగానే చెప్పండి బామ్మగారికి."

"పోయిన నెల పోయింది."

"బామ్మగారు లేరా!"

"పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, నన్ను క్షమించు టౌనో అంది."

"మీరేమన్నారు?"

"క్షమించానులే అన్నాను."