మొగం నిండిందనుకుంటి

“అవ్వా, పాప కాలి మింద నాలుగు చీము కురుపులు లేస్తే యాల ఇంత గాబరా పడతావు? ఆయింట్‌మెంట్ పూస్తానే ఉండా కదా.”

గాబరా కాదు గీతా, భయం. కుచ్చో, సెప్తా. మీ అమ్మ సుజాతకి అప్పుడు ఏడేండ్లు, మీ పెద్దమ్మ పద్మకి తొమ్మిది. కాదు కాదు, పది నిండినాయి, అయిదో తరగతి కదా. చౌడేపల్లె పక్కన ఉంటిమి. మీ తాతా నేనూ టమాటా కోతకి పోతాంటిమి. ఆ ఏడు వానలు, దోమలు. పిల్లోళ్ళిద్దరూ గోక్కోని గోక్కోని కాళ్ళంతా చీము కురుపులు. ఒకే మంచం, ఒకే తువ్వాలు. నేను వేపాకూ పసుపూ నూరి పూస్తి. పద్మవి ఎండిపాయ. మీ అమ్మవి మానతా మళ్ళా లేస్తా ఉండె. పిల్లోళ్ళకి వస్తాయిలే అనుకుంటి.

రెండు మూడు వారాలకి పద్మ మొగం గుండ్రంగా అయ్యె. అది పుట్టినప్పటి నుంచీ పుల్ల మాదిరి ఉండేది గదా, పక్కింటి రత్నమ్మ, “ఏం పెడతాండావక్కా, పాప మొగం నిండిందే!” అనె. నాకు ఎంత సంబరమో! గలాసు పాలు ఇస్తాంటి, అవి ఒంటబట్టినాయనుకుంటి. వాపుని సూసి మురిసిపోతినే, కన్నతల్లిని...

నాలుగు దినాలకి బడి నుంచి వచ్చి, “అమ్మా, ఉచ్చ కాఫీ డికాక్షన్ మాదిరి వస్తాంది” అనె. మర్నాడు పొద్దున రెప్పలు వాసి కండ్లే తెరవలేకపాయ. మీ తాత దాన్ని ఎత్తుకోని మదనపల్లె బస్సెక్కె. నేను మీ అమ్మ చెయ్యి పట్టుకోని ఎనకాలే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పద్మ మొగం సూసి, లంగా రొంత పైకెత్తి కాళ్ళు సూసె. మచ్చలే ఉండాయి. “ఈ కురుపులు ఎప్పుడు వచ్చినాయి?” అనె. “మొగం వాపుకి కాళ్ళతో ఏం పనమ్మా?” అంటి. “ఆ కురుపుల్లో ఉండే క్రిమి వల్ల కిడ్నీలు వాసినాయి. కురుపు మానినాక వస్తాది ఇది. గొంతునొప్పి వచ్చినా, తగ్గినాక ఇట్లే కావచ్చు” అనె. బీపీ ఎక్కువుండాది, చేర్చుకోవాల అనె. అంతలో మీ అమ్మ కాళ్ళు సూసి, “ఈ పాపవి ఇంకా పచ్చిగా ఉండాయే!” అనె. మీ అమ్మని దగ్గరికి లాక్కుంటి.

పద్మని ఆస్పత్రిలో పెట్టుకున్నారు. ఉప్పు లేని తిండి, నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేది. మీ అమ్మకి మందు రాసిచ్చి, “ఎండినాయని మధ్యలో నిలపొద్దు. సోపుతో కడుగు, గోర్లు కత్తిరించు, తువ్వాలు వేరే పెట్టు. ఇంత చేసినా రాదని మాటివ్వలేనమ్మా. మూడు వారాలు మొగమూ ఉచ్చా సూస్తా ఉండు, తేడా ఉంటే పరిగెత్తుకోని రా” అనె.

నాలుగో దినానికే కురుపులు ఎండె. మీ తాత, “మానినాయి కదా, యాల ఊరికే మందు మింగిస్తావు?” అనె. “పద్మవి మానలేదా?” అంటి. తానే పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చె.

ఆ మూడు వారాలు నాకు అన్నం దిగలేదు మే. లేస్తానే మీ అమ్మని వాకిట్లో వెలుతురుకి నిలబెట్టి రెప్పలు ఒత్తి సూసేది. తెల్ల మగ్గులో ఉచ్చ పొయ్యమనేది. సిగ్గుతో ఏడిసేది పాపం. ఒకదినం ఎర్రగా ఉండె! నా పానమే పాయ. తీరా సూస్తే రాత్రి బీట్‌రూట్ కూర తినుండాది.

మీ అమ్మకి ఏమీ రాలేదు, నా అదృష్టం. పద్మకి వాపు దిగె గానీ, ఉచ్చ పరీక్షకీ బీపీకీ ఏడాది తిరిగితిమి. ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం చేసుకుంటా బాగానే ఉండాది. అయినా ఫోన్లో నేను మొదట అడిగేది బీపీ సూపించుకుంటివా అనే.

ఆయింట్‌మెంట్ చాలునో, మాత్రలు కావాల్నో మనకేం తెలుసు మే? ఈ పొద్దే డాక్టరుకి సూపిద్దాం పా. మీ ఇంట్లో ఎవురికీ ఆస్పత్రికి సంచి సర్దే పని పడకుండా సల్లగా ఉండాల తల్లీ. పాపని ఎత్తుకో, నేనూ వస్తా. నా సెప్పులు యాడ పెడితినో ఏమో...