నన్నెవరూ లాక్కురాలేదు

నా పేరు నైగాగా లొవీసా. వయసు ఇరవై నాలుగు. జింజా పట్టణ శివారులో ప్రాథమిక పాఠశాల ఇంగ్లీషు టీచరుని. మా ఇంట్లో సంతకం పెట్టగలిగేది నేనొక్కదాన్నే. మీరు లాకప్పులో పెట్టిన ముగోయా నా తమ్ముడు. బోడా అనే మోటారుసైకిలు బండి మీద మనుషుల్ని కిరాయికి తిప్పుతాడు.

సోమవారం ఉదయం ఏడూ పదికి నన్ను బడికి తీసుకెళ్తున్నాడు. వాళ్ల బోడా స్టాండుకి పెద్ద అయిన కగోడా దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఒరేయ్, మార్కెట్టు దగ్గర మనోణ్ణి కారు గుద్దేసింది. బండి తిప్పు!"

"అక్కని దింపేసి వస్తానన్నా."

"దింపి, టీ తాగి, కునుకు తీసి అప్పుడొస్తావా? ఆవిణ్ణీ తీసుకురా. కారువాణ్ణి ఇంగ్లీషులో తిడుతుంది."

అతని వెనక బండ్ల మీదున్న స్టాండువాళ్లందరూ నవ్వారు. ఆ స్టాండులో ఒకడు పడితే అందరూ వెళ్లాలి. వెళ్లనివాడి నంబరు చొక్కా లాగేసుకుంటారు. చొక్కా లేనివాడికి స్టాండు లేదు. మా తమ్ముడిది పద్నాలుగో నంబరు.

ఏడూ ఇరవై అయిదుకి మార్కెట్టు చేరాం. కారు నడిపినతను అప్పటికే పారిపోయాడు. కారు మీద రాళ్లు పడ్డాయి. తర్వాత నిప్పు పెట్టారు. ముగోయా బండి దిగలేదు. వాడి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. అందరితోపాటు హారన్ కొట్టాడు, అది దాచను. నా ఒళ్లో సుద్దముక్కల డబ్బా ఉంది. దాన్ని ఎంత గట్టిగా నొక్కానో, ఒక్క ముక్కా పొడి కాకుండా మిగల్లేదు. వాడి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

అక్కడ ఎవరో తీసిన ఫోటోలో పద్నాలుగో నంబరు కనిపించిందని వాణ్ణి పట్టుకున్నారు. ఆ ఫోటోలో వాడి వెనక కూర్చుని ఉన్నది నేనే.

"ఒక బిడ్డ లోపలుంది చాలు. నువ్వు కలగజేసుకోకే తల్లీ," అని అమ్మ నా కాళ్లు పట్టుకుంది. "అక్కడున్నానంటే నీ పేరూ కేసులోకి ఎక్కుతుంది టీచరమ్మా, ఇంటికెళ్లు," అని ఇక్కడ స్టేషనులో మీరూ అన్నారు.

ఇష్టం లేనివాణ్ణి గొడవలోకి లాగడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో పోయిన శుక్రవారమే ఆరో తరగతికి చెప్పాను. "మరి లాగినప్పుడు వెళ్లినవాడిది తప్పు కాదా టీచర్?" అని ఒక పాప అడిగింది. గంట కొట్టారు. పుస్తకం మూసి బయటికొచ్చేశాను.

నేను చెబుతుంటే మీరు రాసిన ఈ వాంగ్మూలం నేనే చదువుకున్నాను. ముగోయా గుంపులో "చేరాడు" అన్నచోట కొట్టేయించి, "లాక్కెళ్లారు" అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన విడిగా సంతకం పెట్టాను. ఆ ఉదయం నన్నూ లాక్కెళ్లారు. ఈ స్టేషనుకి మాత్రం నన్నెవరూ లాక్కురాలేదు.

ఇందులో నేను చూడనిది లేదు, చూసి దాచిందీ లేదు.

(సంతకం) నైగాగా లొవీసా
బుధవారం, ఉదయం 11.40