ఏడో నంబరులో ఎవరు

తుఫాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం, భోగాపురం తీరంలోని వైర్‌లెస్ గదిలో వదినా మరదళ్లు కంప్యూటర్ తెర ముందు నిలబడ్డారు. పడవల ప్రోగ్రాం మరదలు రాసినదే.

"ఏడో నంబరు మీ అన్న పడవే కదే? తిరిగి రమ్మని మెసేజెడితే సరేనన్నాడు."

"అన్న కాడు వదినా. ఆడి లైను పొద్దున్నే తెగిపోనాది. తెగిన లైను మూసేస్తే, దాని ఫైల్ డిస్క్రిప్టర్ నంబరుని, అంటే లైనుకి గుర్తుగా ఇచ్చే అంకెని, కంప్యూటరు తర్వాత లైనులోకొచ్చిన పడవకి ఇచ్చేస్తాది. ఇప్పుడు ఏడో నంబరు ధనరాజు మావ పడవది, సరేనన్నది ఆయనే."

"మరి లైనులో ఉన్న పడవల జాబితాలో మీ అన్న పేరుందేటి?"

"నాను ప్రోగ్రాం రాసిన ఈ ఫంక్షనల్ భాషలో ఒకసారి కట్టిన జాబితా మారదు. తెగినోళ్లని వదిలేసి కొత్తది కట్టుకోవాల. నాను కట్టనేదు."

"ఎందుకే?"

"సముద్రంలో ఉన్నోడి పేరు కొట్టీకూడదని నువ్వే సెప్పినావు."

"పేరుంటే లైనులోనే ఉన్నాడనుకొని ఎతకడానికి ఎవులూ ఎల్లరా?"

"ఎల్లరు."

"అయితే కొట్టీ. నీ వల్ల కాపోతే సెప్పు, నాను నొక్కుతాను."