గున్నమ్మ కంటి సుక్కలు

పొద్దున్న పదయింది. మబ్బుగా ఉన్నాది, తూర్పుగాలి ఇసక లేపుతన్నాది. ఆ సుక్కలమందు సీసా మూత పెట్టీ అరుణశ్రీ. ఇప్పుడొద్దు. మీ నాన్న, నూకయ్య సిన్నాన్న, మీ అన్న వెంకీ రానీ, అప్పుడేసుకుంటాను. ఎనిమిదికల్లా రావలసిన బోటు. కళ్లు మండుతన్నాయి, మండనీ. నీకు కాలేజీలో సెప్పరు గానీ, మగోళ్లు వేటలో ఉండగా ఒడ్డున ఆడదాని సెంపల మీద నీరు కారకూడదు. కారితే ఏటవుద్దా? మీ నాన్నమ్మ గున్నమ్మని నువ్వెరగవు, నువ్వు ఉయ్యాల్లో ఉండగానే పోయింది. ఆవిడకీ ఇదే బాధ. ఉప్పుగాలి, పొయ్యి పొగ, దానికి తోడు గంటలకొద్దీ సముద్రం కేసి సూడడం. కంట్లో ఇసక పోసినట్టుందే కోడలా, అనేది. అరసవల్లి తీసుకెళ్లి దేవుడికి దండం పెట్టించి, అట్నుంచటే కళ్ల డాక్టరుకి సూపించాను. 'కళ్లల్లో తడి లేదు, నువ్వు ఏడవవా మామ్మా?' అన్నాడు. 'ఎందుకు బాబూ, మావోళ్లందరూ తిరిగొచ్చారు కదా' అంది. ఈ సుక్కలే రాశాడు. వేసుకుని కాసేపు కళ్లు మూసుకోమన్నాడు. 'కన్నీళ్లు సీసాల్లో అమ్ముతారా!' అని దారంతా నవ్వింది. ఆటోవోడూ నవ్వాడు. వోడిది చీపురుపల్లి, వోళ్లత్తకి కూడా కళ్లే... సర్లే, వోడి గొడవ ఇప్పుడెందుకు.

రోజుకి నాలుగుసార్లంటే ఆవిడ ఒకసారే వేసుకునేది, బోటొచ్చాక. ఒకనాడు బోటు రాలేదు. ఇలాగే గాలి. మధ్యాన్నానికి ఆవిడకి కళ్లు మండిపోయి సముద్రమే కనపడలేదు. 'కనపడనప్పుడు ఇక్కడ కూకుని ఏటి లాభం' అని, సీసా తీసి రెండు కళ్లల్లోనూ ఒంపుకుంది. కళ్లు మూసుకుని కూకుంది. సెంపల మీద ధారలు. సరిగ్గా అప్పుడే పక్కింటి ఈశ్వరి సూసింది. నెత్తిమీద బిందె వొదిలేసింది. 'అయ్యో గున్నమ్మత్తో! బోటు పోనాదర్రా!' అని ఒకటే కేక. వీధంతా ఒడ్డుకి దిగిపోనాది. గుండెలు బాదుకున్నారు. ఇద్దరు నన్ను పట్టుకుని గాజుల మీద సెయ్యేశారు. నేనూ ఏడిశాను. కన్నతల్లే ఏడుస్తంటే పెళ్లాన్ని నేనేటి సేస్తాను? 'అత్తా, నిజమేనా?' అంటే పలకదు. కళ్లు మూసుకోమన్నాడు కదా డాక్టరు, నోరు కూడా మూసుకోవాలనుకుంది. నా ఒక సేతి గాజులు పగిలాక కళ్లు తెరిచింది. అందరికన్నా ముందు ఆవిడకే కనపడింది. 'అదుగో బోటు. ఎవులికే ఏడుస్తన్నారు?' అంది. మీ నాన్న దిగి, మమ్మల్ని సూసి, 'ఎవులు పోయారు?' అన్నాడు. 'నువ్వే బావా' అంది ఈశ్వరి. 'సరే, ముందు తాడు పట్టండి' అన్నాడు. ఆ పూట రెండో సేతి గాజులతోనే వంట సేశాను.

నవ్వకు. ఆగు, ఇంజను సప్పుడేనా అది? ఎటు? నాకంతా మసగ్గా ఉన్నాది. ఇలా తే ఆ సీసా. ఎవులు సూస్తే ఏటి, వెయ్యి. మూసుకోమనకు, మూసుకోను. కారితే కారనీ. ఆ... ముందు నిలబడ్డది మీ నాన్న. తెడ్డు పట్టుకున్నది నూకయ్య. ఇద్దరు. ఇంజను కాడ వొంగున్నదెవులు? తలెత్తమను. కేకెయ్, నీ గొంతు పెద్దది. తలెత్తమను.

వెంకీ. ముగ్గురు.

నువ్వూ లెక్కెట్టు.