వీర్ అంటే మనమా, మేమా?

ఆ బట్టలు సర్దడం ఆపక్కా ముందు! మీ చెల్లెలు ఫోన్ చేసింది. జర్మనీకి ఎన్ని స్వెట్టర్లు తెచ్చుకోవాలో నిన్నడిగి చెప్పమంది. నీతో వెళ్ళేది తనేనని నాకూ తెలుసనుకుంది, పిచ్చిమొహం.

అక్కడి ఆసుపత్రివాళ్ళు నీతోపాటు ఇంకో నర్సుని తెచ్చుకోమంటే, ఆ ఇంకో నర్సుని నేనే అనుకున్నా. ఎవరైనా ఏమనుకుంటారు? ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే వార్డులో డ్యూటీ!

అసలు నీకు జర్మన్ నేర్పిందెవరు? నీళ్ళు తాగుతాను అనడానికి "ఇష్ వాసర్ ట్రింకె" అనేదానివి. కాదక్కా, "తాగుతాను" అన్న ముక్క మనకి చివర్లో, వాళ్ళకి రెండో చోట, "ఇష్ ట్రింకె వాసర్" అనాలి అని ఉల్లిపాయలు తరుగుతూ ఎన్నిసార్లు మొత్తుకున్నానో! పొద్దున నేను చెప్పిన పాఠం సాయంత్రానికి ఫోన్లో నీ చెల్లెలికి చెప్పేదానివట కదా. ఎంత తెలివమ్మా!

ఫోన్లో ఇంటర్వ్యూ జరిగిన రోజు నీ పక్కనే కూర్చున్నా. నీ చెయ్యి పట్టుకున్నా. ఎవరెవరు వస్తారని వాళ్ళడిగితే తడుముకోకుండా "వీర్ కొమ్మెన్ త్సుజామెన్" అన్నావు. కలిసి వస్తాం అని. క్రియ సరిగ్గా రెండో చోట పడింది! పొంగిపోయి నీకు కాఫీ కూడా కలిపిచ్చా, నా ఖర్మ.

మనకైతే మనం వేరు, మేము వేరు. వాళ్ళకి రెండిటికీ ఒకటే మాట, వీర్. అదీ నేను చెప్పిందే! నేను మనం అని విన్నా. నువ్వన్నది మేము. నువ్వూ, నీ చెల్లెలూ.

ఏంటీ? అబద్ధమైతే ఆడలేదా? నిజమే, ఆడలేదు. నా కడుపుమంటంతా అదే! తెలుగులో అనుంటే అప్పుడే దొరికిపోయేదానివి.

చెప్తే బాధపడతానని చెప్పలేదా? మరి ఇప్పుడు సంబరపడిపోతున్నానా?

నమ్మించి గొంతు కోశావక్కా. పరాయివాళ్ళైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఏడుపొస్తోంది నాకు. నీ ముందే ఏడవాల్సొచ్చిందని ఇంకా ఏడుపొస్తోంది.

ఆఁ? ఏమన్నావు? మనలో మనకి గొడవలెందుకా?

ఇప్పుడొచ్చిందా నీ నోటికి, మనం అన్న మాట!

సరే, జరుగు. ఆ సూట్‌కేసు అలా మూతపడదు. నువ్వెక్కి కూర్చో, జిప్పు నేను లాగుతా.