ఇంజను దించని నక్షత్ర ఓడ

అధ్యక్షులు షౌకత్ భాయ్‌కి, మూడేళ్ళుగా మాచేత ఈ పాచికల ఆట ఆడిస్తున్న షాహీన్ టీచరమ్మకు, ఆదివారం ఆదివారం నరసరావుపేటలో ఈ స్పేర్‌పార్ట్స్ కొట్టు మేడ మీద చేరే మిత్రులందరికీ నమస్కారం. నలుగురిలో మాట్లాడటం చేతగాక కాగితం మీద రాసుకొచ్చాను. అయిదో తరగతి చదువు, కోడి గెలికిన రాత, తప్పులు కూడా ఉంటాయి. ఆగి ఆగి చదువుతాను, మన్నించండి.

నేను ముప్పై ఏళ్ళు లారీ డ్రైవర్ని. ఓనర్ని ఎప్పుడూ కాదు. పాచికలు వేసి, కాగితం మీద ఫైనాన్సుకు నక్షత్ర ఓడ కొని, ఒక లోకంలో సరుకెక్కించి ఇంకో లోకంలో దించాలని టీచరమ్మ చెప్పినప్పుడు, "అమ్మా, ఆ పైన కూడా ఓవర్‌లోడు కేసు రాసేవాళ్ళుంటారా?" అని అడిగాను. (నవ్వులు) ఉంటారంది. అయితే ఇది నాకు తెలిసిన పనే అనుకున్నాను. రిటర్న్ లోడు లేకుండా ఓడ కదపలేదు. సిబ్బంది బత్తాలో కోత పెట్టాను. "యల్లమందన్నా, నువ్వు పుట్టుకతోనే సేటువి!" అన్నాడు షౌకత్ భాయ్. ఆ మాట తియ్యగా ఉంది, దాచను. కళ్ళు ఆనక ఆట మానుకుంటున్న నాకు ఇవాళ ఈ సన్మానం, మూడేళ్ళలో ఒక్క కిస్తీ తప్పని ఓనరని.

ఎట్లా తప్పలేదో మీ అందరికీ తెలుసు. మర్యాదకు ఎవరూ అనటం లేదు.

ఓడలో ఇంజను మనిషిగా ఆడింది మన వాజిద్. బయట కూడా లారీ మెకానిక్కే. ఆరు నెలల తర్వాత ఇవాళే ఈ మెట్లెక్కి, ఆ చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఆరు నెలల కిందట ఆ ఆదివారం ఆటలో, "బాబాయ్, ఇంజను కిందికి దించి బాగు చెయ్యాల్సిందే, ఇట్టాగే పోతే పేలుద్ది" అన్నాడు. దించితే రెండు కిస్తీలు తప్పుతాయి. "ఏందిరా నీ గోల, ఈ ఒక్క ట్రిప్పు లాగించు" అన్నాను.

టీచరమ్మ పాచికలు వేసింది. ఇంజను పేలింది. ఓడ ఎట్లాగో రేవు చేరింది గానీ, ఆటలో వాజిద్ తనదిగా రెండేళ్ళు పెంచుకున్న ఇంజను మనిషి చచ్చిపోయాడు. "కాగితం మీద మనిషేగా, ఇంకొకణ్ణి రాసుకో" అన్నాను. పోయినవాడి వాటా మిగిలిందని కిస్తీలో కలుపుకున్నాను. వాజిద్ లేచి వెళ్ళిపోయాడు.

లాగించమన్న ఆ మాట ఒకప్పుడు కారంపూడిలో మా ఓనరు నాతో అన్నది. బ్రేకులు సరిగా పట్టటం లేదు సేటూ అంటే, ఇదే మాట. నోరు మూసుకుని బండి తీశాను. మిర్చి బస్తాలతో లారీ తిరగబడి, నా క్లీనర్ యోబు కాలు పోయింది. ఓనరు వచ్చి ముందు బస్తాలు చూసుకున్నాడు. ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. తీరా నాకు ఉత్త కాగితం ఓడ చేతికొస్తే, పోయేది గవ్వ కూడా లేకపోయినా, అదే మాట అదే గొంతుతో వచ్చింది. యోబు మొహం ఎట్లా చూడాలో తెలియటం లేదు. చానా సిగ్గుగా ఉంది.

వాజిదూ, నువ్వు చెప్పింది నిజమని నాకు ఆ రోజే తెలుసు. వినలేదు. సేటు అనిపించుకోవాలని. టీచరమ్మ ఒప్పుకుంటే, నేను మానుకునేలోపు ఆ ఆదివారం ఆటని మళ్ళీ ఆడదాం. ఇంజను దించుదాం, కిస్తీలు తప్పుదాం. ఫైనాన్సువాళ్ళు ఓడను లాక్కుపోతే పోనీ. వస్తావో రావో ఇప్పుడే చెప్పొద్దు, నలుగురిలో నిన్ను ఇరికించినట్టవుతుంది. కానీ తొందరగా చెప్పు నాయనా. రానంటే రానని చెప్పు, దానికీ తలవంచుతాను.

ఓపిగ్గా విన్న అందరికీ దండాలు. సెలవు.